ఆయన జీతం పెరిగితే నేను పని మానాలా?

ప్రశ్న: మా ఆయనకు డ్రైవర్ ఉద్యోగం వచ్చింది. అప్పట్నుంచి మా అత్తగారు "ఇంక నాట్లకు వెళ్ళకు, నలుగురూ ఏమనుకుంటారు" అంటున్నారు. ఇలా మా ఇంట్లోనేనా?
– ఒక సోదరి, తణుకు దగ్గర

జవాబు: మీ ఇంట్లోనే కాదమ్మా, అమెరికాలోనూ జరిగింది. క్లాడియా గోల్డిన్ అనే ఆర్థికవేత్త అక్కడి 200 ఏళ్ళ లెక్కలు తిరగేసి, వ్యవసాయం నడిచిన రోజుల్లో పెళ్ళయిన ఆడవాళ్ళు ఎక్కువమందే పనిచేసేవారనీ, ఫ్యాక్టరీలు వచ్చాక తగ్గిపోయారనీ, ఆఫీసు ఉద్యోగాలు పెరిగాక మళ్ళీ పెరిగారనీ చూపించారు. గీత గీస్తే ఇంగ్లీషు 'యు' అక్షరంలా ఉంటుంది. 2023లో ఆవిడకు నోబెల్ ఇచ్చారు. భర్త సంపాదన పెరిగితే భార్య పని తగ్గడాన్ని 'ఆదాయ ప్రభావం' అంటారు, మీ అత్తగారు దానికే పరువు అని పేరు పెట్టారు, అంతే.

అయితే ఒక్క డబ్బుతోనే అంతా తేలిపోదు, పని ఎక్కడుంది, కూలి ఎంత, పిల్లాణ్ణి ఎవరు చూస్తారు అన్నవీ ఉంటాయి కదా. 2005 ఉపాధి హామీ చట్టం రాసినవాళ్ళు ఇది పట్టుకున్నారు: ఆడా మగా ఒకటే కూలి, లబ్ధిదారుల్లో కనీసం మూడో వంతు స్త్రీలు, పని ఊరికి 5 కిలోమీటర్లు దాటి ఉంటే కూలి 10 శాతం అదనం, పనిచోట ఆడవాళ్ళ వెంట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురో ఇంకా ఎక్కువో ఉంటే వాళ్ళను చూడ్డానికే ఒక మనిషికి కూలి. చెట్టుకింద చీర ఉయ్యాల దగ్గర కూర్చున్న ఆవిడకీ మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, పేరుండాలన్నది వాళ్ళ ఆలోచనన్నమాట!

మానాలా వద్దా అంటారా, నాట్ల డబ్బు మీ చేతికే వస్తోందా? వస్తుంటే నేనైతే మానను.