చదవడం వేరు, రాయడం వేరు: పాత జనాభా పత్రాలతో చదువునీ కుటుంబాన్నీ పోల్చేటప్పుడు

స్వీడన్, రష్యా, చైనాల పాత జనాభా పత్రాలు ముందేసుకుని, చదువు పెరిగాక కుటుంబం ఎలా మారిందో పోల్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. శాతాల జోలికి వెళ్లకముందు, ఆ పత్రంలో ఏ ప్రశ్న అడిగారో చూడండి. 1897 రష్యా జనగణనలో అక్షరాస్యులు దాదాపు 21 శాతం. అక్కడ అడిగింది చదవడం వచ్చా అని. మన 1911 సెన్సస్‌లోనేమో స్నేహితుడికి ఉత్తరం రాసి, వచ్చిన జవాబు చదవగలిగితేనే అక్షరాస్యుడు. ఈ రెండింటినీ ఒకే పట్టికలో పెట్టకండి.

ఎక్కువ సమయం పెట్టాల్సింది స్వీడన్ మీద. 1686 చర్చి చట్టం దరిమిలా పాస్టర్లు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి పుస్తకం చదివించేవారు, కేటకిజం, అంటే క్రైస్తవ మత ప్రశ్నోత్తరాల పాఠం, అప్పజెప్పించుకునేవారు. ఆ పరీక్ష వివరాలు రాసుకున్న చర్చి పుస్తకంలో యజమాని, భార్య, పిల్లలు, పాలేర్లు, పనిపిల్లలు వరసగా ఒకే పుటలో ఉంటారు. పేరు పక్క గడుల్లో ఎవరికి ఎంత వచ్చో గుర్తులు. ఊరూరా బడి ఉండాలన్న చట్టం 1842లో గానీ రాలేదు, అప్పటిదాకా చదువు చాలావరకు ఇంట్లోనే. అందుకే చదవడం వచ్చి రాయడం రానివాళ్లు బోలెడంతమంది. సంతకాలు చూసి అక్షరాస్యత కడితే వీళ్లంతా, ముఖ్యంగా ఆడవాళ్లు, లెక్కలోంచి జారిపోతారు. నన్నడిగితే ఈ రంగంలో జరిగే పెద్ద అన్యాయం ఇదే.

ఇంకో చిక్కు: ఈ చర్చి పుస్తకం ఒక్కోటీ కొన్నేళ్లపాటు నడుస్తుంది. వేరే ఇంట పనికి కుదిరిన పిల్ల పేరు ఇక్కడ కొట్టేసి, అక్కడ మళ్లీ రాస్తారు. పేర్లన్నీ కూడితే ఆమె ఇద్దరవుతుంది. ఒక తేదీ ఎంచుకుని, వచ్చిన, వెళ్లిన గడులు చూసి ఆ రోజున ఉన్నవాళ్లనే లెక్కించండి.

చైనాలో, ఈశాన్యాన ఉన్న లియావోనింగ్ ప్రాంతపు జనాభా జాబితాలు 1749 నుంచి 1909 దాకా మూడేళ్లకోసారి తయారైనవి. వాటిలో పెళ్లికాని ఆడపిల్లలు చాలామంది కనపడరు. వాటితో ఆడపిల్లల సంఖ్య తేల్చబోకండి.

చదువు గడి లేనిచోట వయసులు పనికొస్తాయి, ఎందుకంటే చదువు రానివాళ్లు వయసును 30, 35 అంటూ గుండ్రంగా చెప్పడం ఎక్కువ. 23 నుంచి 62 ఏళ్లవాళ్లలో 0తోనో 5తోనో ముగిసే వయసున్నవారిని లెక్కించి, 5తో హెచ్చించి, మొత్తంతో భాగించి, 100తో హెచ్చించండి. 400 మందిలో 160 మంది అలా ఉంటే 200 వస్తుంది. 100 అంటే వయసులు సరిగ్గా చెప్పారని, 500 అంటే అందరూ ఉజ్జాయింపుగా చెప్పారని. ఇంటిపెద్ద అందరి తరఫునా చెప్పినచోట భార్య వయసు ఆమె చదువు గురించి ఏమీ చెప్పదు. చైనాలోనైతే పుట్టిన జంతు సంవత్సరం గుర్తుంచుకునే ఆచారముంది కాబట్టి, అక్షరం ముక్క రానివాళ్ల వయసు కూడా కచ్చితంగా ఉండొచ్చు.