వేగం కంటే ముందు నికరం: పరిశోధన మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, రాయగడ నుంచి మీ పెద్దమామయ్య ఆశీస్సులు.

చిత్రాలను అతివేగంగా విశ్లేషించే హైస్పీడ్ ఇమేజ్ ప్రాసెసింగ్‌నూ, న్యూరాన్ల (నాడీకణాల) జాలాన్ని కంప్యూటర్‌లో అనుకరించే న్యూరల్ నెట్‌వర్క్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌నూ కలిపి పరిశోధన చేయబోతున్నావనీ, కాగితంలోని లోపాలను పట్టుకోవడాన్నే ఉదాహరణగా తీసుకున్నావనీ మీ అమ్మ చెప్పగా విని ఎంతో సంతోషించాను. నేను నొక్కి చెప్పదలచింది ఒక్కటే. వేగంగా నడిచే ప్రోగ్రామ్ రాయడానికి ముందు, ఎంత నిదానంగా నడిచినా సరే, నికరమైన జవాబిచ్చే ప్రోగ్రామ్ ఒకటి రాసుకుని, దానిని పరిశోధన ముగిసేదాకా భద్రంగా ఉంచుకో.

మన జేకేపూర్ వైపు కాగితపు మిల్లు యంత్రాలను నువ్వెరుగుదువు. నిమిషానికి 600 మీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్ల చొప్పున కాగితం పరుగెడుతోందనుకో. దాని పొడవునా పావు మిల్లీమీటరుకొక గీత కావాలంటే, చిత్రాన్ని ఒక్కొక్క గీతగా తీసే లైన్ స్కాన్ కెమెరా సెకనుకు 40,000 గీతలు తీయాలి. ఒక్కొక్క గీతకు దక్కే సమయం 25 మైక్రోసెకన్లే. గీతకు 4,096 పిక్సెళ్లయితే సెకనుకు 16 కోట్లకు పైగా పిక్సెళ్లు వచ్చి పడతాయి. ఇక్కడ సగటు సమయం చూసి తృప్తిపడవద్దు. సగటున 20 మైక్రోసెకన్లలో పని ముగిసినా, అప్పుడప్పుడు ఆలస్యం పేరుకుపోతే బఫర్ (వచ్చిన గీతలను తాత్కాలికంగా దాచే చోటు) నిండి గీతలు జారిపోతాయి. కాగితంలోని రంధ్రం సరిగ్గా ఆ గీతల్లోనే ఉండవచ్చు. అందుకే అతి ఎక్కువ పట్టిన సమయాన్ని తప్పక నమోదు చెయ్యి.

యంత్రం వేగం మారినప్పుడు ఏమవుతుందో కూడా గమనించు. కెమెరా గడియారాన్ని బట్టి గీతలు తీస్తే, యంత్రం నెమ్మదించినప్పుడు గుండ్రని మచ్చ నిలువుగా సాగి కనిపిస్తుంది, గుండ్రని మచ్చలతో శిక్షణ పొందిన నెట్‌వర్క్ దానిని గుర్తించకపోవచ్చు. రోలరు ఎంత తిరిగిందో కొలిచేందుకు దానికి అమర్చిన ఎన్‌కోడర్ సంకేతంతో గీత తీయించడమే దీనికి సరైన మందు. నెట్‌వర్క్‌ను ఎంత పెంచినా ఆ లోటు పూర్తిగా తీరదు.

ప్రోగ్రామ్‌కు వేగం తేవాలంటే ముందు లెక్కలోని పనిని తగ్గించు, ఆ తరువాతే జీపీయూ (ఒకేసారి అనేక లెక్కలు చేసే చిప్). చిత్రాన్ని నునుపు చేసే 15×15 గౌసియన్ ఫిల్టర్‌కు పిక్సెల్‌కు 225 గుణకారాలు కావాలి. దానినే అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి విడదీసి నడిపితే 30 చాలు.

సిమ్యులేషన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1952 నాటి హాడ్జ్‌కిన్–హక్స్‌లీ నమూనా న్యూరాన్ పొరలోని అయాన్ల ప్రవాహాన్ని నాలుగు అవకలన సమీకరణాలతో (రాశులు ఎంత వేగంగా మారుతున్నాయో చెప్పే సమీకరణాలతో) లెక్కిస్తుంది. 2003లో ఇజికెవిచ్ ప్రతిపాదించిన నమూనాకు రెండు చాలు. మచ్చలను వర్గీకరించే నీ పనికి మొదటిది అక్కరలేదని నా అభిప్రాయం. ఏది వాడినా కాలవిరామాన్ని (సిమ్యులేషన్ ఒక్కొక్క అడుగులో ముందుకు జరిగే సమయాన్ని) సగానికి తగ్గించి మళ్లీ నడిపి, ఫలితం గణనీయంగా మారితే మొదటి విరామం పెద్దదని గ్రహించు. థ్రెడ్ల (ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పాయల) సంఖ్య మారినా దశాంశాలను కూడే వరుస మారి చివరి అంకెల్లో తేడా రావచ్చు. పెద్ద జాలంలో ఆ చిన్న తేడాయే పెరిగి స్పైకుల (న్యూరాన్ల విద్యుత్ స్పందనల) సమయాలను మార్చేస్తుంది. కనుక అక్కడ ఒక్కొక్క స్పైకునూ కాక, స్పైకుల రేటు ఎలా విస్తరించి ఉందో పోల్చు. అది కూడా మొదటి నిదానపు ప్రోగ్రామ్‌తోనే పోల్చాలి.

ప్రతి పరుగుకూ ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మొదలుపెట్టే విలువ), సాఫ్ట్‌వేర్ వెర్షన్, కాలవిరామం ఫలితం పక్కనే రాసి ఉంచు. చైత్రంలో మజ్జిగౌరమ్మ జాతరకు వచ్చేటప్పుడు ఆ మొదటి ప్రోగ్రామ్ తీసుకురా, కూర్చుని వరుసవరుసగా చదువుదాం.

ఇట్లు,
మీ పెద్దమామయ్య