గన్నేరు కొమ్మ మీది చిమ్మటను ఫోటో తీసేముందు

అనంతపురం

తల్లీ శైలజా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన గుర్తులను బట్టి, మీ పెరట్లో కనిపించింది ఓలియాండర్ హాక్‌మాత్ అనే చిమ్మట అయ్యుంటుంది. పచ్చటి రెక్కలు, వాటి మీద పాలరాతి చారల్లాగా తెలుపూ గులాబీ. గన్నేరు పాలు మనకు విషం, ఈ చిమ్మట గొంగళిపురుగుకు మాత్రం ఆ ఆకే అన్నం. నందివర్ధనం, బిళ్ళగన్నేరు కూడా తింటుంది. ఆ చెట్లున్నంత కాలం మళ్ళీ రావచ్చు, ఇప్పుడు దొరకలేదని టెన్షన్ పడొద్దు.

ఎండ ముదరకముందే లే. రాత్రంతా తిరిగి, తెల్లారేసరికి ఎక్కడో ఒకచోట వాలి కదలకుండా ఉంటుంది. కొమ్మ కదపకు, నీ నీడ దాని మీద పడనీయకు. రెక్కలు సన్నగా వణకడం మొదలైందంటే ఎగరబోతోందని అర్థం. ముందుగా ఒంట్లో కండరాలు వేడెక్కించుకుంటుంది. అప్పుడు ఇంకో అడుగు ముందుకు వేయకుండా ఉన్నచోటి నుంచే తీసుకో.

ఫోను మరీ దగ్గర పెట్టకు, కాస్త దూరం నుంచి తీసి తర్వాత క్రాప్ చేసుకో. స్క్రీన్ మీద దాని కంటి దగ్గర వేలు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది, పక్కనే వెలుగు పెంచి తగ్గించే సూర్యుడి బొమ్మ వస్తుంది. నేను పట్టుబట్టి చెప్పేది ఆ సూర్యుడి గురించే. మీ వరండాలో పరిచింది కడప బండ కదా! ఆ నల్లబండ మీద వాలితే ఫోను చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, పచ్చరంగు పాలిపోతుంది. అప్పుడు సూర్యుణ్ణి కిందికి జరుపు. సున్నం గోడ మీద వాలితే పురుగు నల్లబడుతుంది, పైకి జరపాలి.

ఫ్లాష్ వద్దు. రెక్కల మీది పొలుసులు మెరిసిపోయి అసలు రంగు రాదు. వెలుతురు చాలకపోతే మీ నాన్న తెల్లపంచె ఎండకు ఎదురుగా ఎవరినైనా పట్టుకోమను, దాని మీద పడి వచ్చే వెలుగు చాలు.

ఒక ఫోటో మాత్రం తప్పకుండా ఫోనును రెక్కలకు సమాంతరంగా పట్టి తీయాలి. రెక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా స్పష్టంగా వస్తేనే జాతి గుర్తుపట్టడం సులువు. పక్క నుంచి ఒకటి, మీసాలు కనబడేలా ఒకటి, వాలిన చెట్టు ఒకటి. తేదీ, ఊరు రాసిపెట్టి జీవుల ఫోటోలు పెట్టి జాతి గుర్తించే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్లో పెట్టు, మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్లోని బొమ్మలతో పోల్చి చూడు.

కదలకుండా ఉంటుందని పురుగును ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్ళున్నారు. ఆ పని నువ్వు చేయొద్దు. ఫోటో కోసం ప్రాణిని బాధపెట్టడం నాకు ఏమాత్రం నచ్చదు. వేళ్ళతో పట్టుకోవద్దు కూడా, వేలికి అంటుకునే పొడి దాని పొలుసులే, ఊడినవి మళ్ళీ రావు. ఆకు మీద గొంగళి కనబడితే పనిమనిషికి చెప్పి, మందు కొట్టకుండా చూడు.

రాత్రి గుమ్మం లైటు ఆర్పెయ్. లైటు చుట్టూ తిరిగి అక్కడే ఉండిపోతే బల్లి పాలవుతుంది. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపు.

మీ పెదనాన్న