షోరూమ్ వాళ్ళు చెప్పే 7 శాతం వడ్డీ సంగతి

బ్యాంకులో 9.5 శాతానికి ఐదేళ్ళకు 8 లక్షల కారు లోన్ దొరుకుతుంటే, షోరూమ్ వాళ్ళు 7 శాతానికే ఇస్తామంటున్నారని, వాళ్ళ దగ్గర తీసుకుంటేనే 25 వేల డిస్కౌంట్ అంటున్నారని రాశారు కదండీ. దయచేసి ఇప్పుడే సంతకం పెట్టకండి. ఆ 7 శాతం ఫ్లాటా, రెడ్యూసింగా? ముందు అది అడగండి.

ఫ్లాట్ అయితే, మీరు నెలనెలా ఎంత తీర్చుకుంటూ వచ్చినా ఐదేళ్ళూ మొత్తం 8 లక్షల మీదే వడ్డీ కడతారు. అంటే వడ్డీ 2,80,000, కిస్తీ నెలకు 18,000. రెడ్యూసింగ్ లెక్కలో, అంటే తీర్చగా మిగిలిన అప్పు మీదే వడ్డీ వేసే లెక్కలో, అది దాదాపు 12.5 శాతం! మీ బ్యాంకు 9.5 శాతం రెడ్యూసింగ్ అయితే కిస్తీ 16,800 చిల్లర. ఐదేళ్ళకు తేడా 70 వేల పైమాటే. నా మొదటి కారప్పుడు నేను కిస్తీ ఒక్కటే చూసి సంతకం పెట్టేశాను, ఆ బాధ ఇంకా ఉంది.

నోటిమాట నమ్మకుండా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ముఖ్య వివరాలు రాసి ఇచ్చే కాగితం, అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ దాన్ని తప్పనిసరి చేసింది. ప్రాసెసింగ్ ఫీజులతో కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. ముందే తీర్చేస్తే ఎంత ఛార్జీ అన్నదీ అందులోనే చూడండి.

ఇన్సూరెన్స్ కూడా వాళ్ళ దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు. బలవంతపెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

బ్యాంకు శాంక్షన్ లెటర్ చేతిలో పెట్టుకుని వెళ్ళి, లోన్ లేకుండా ఆన్‌రోడ్ కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.