పారిసియీ, పారిసియోస్, పారిసియోరుం: ఎన్ని తెగలు?

ప్రశ్న: పోటీ పరీక్షలకి చదువుతుంటే పారిస్ చరిత్రలో ఒకచోట ‘పారిసియీ’, ఇంకోచోట ‘పారిసియోస్’, మరోచోట ‘పారిసియోరుం’ అని ఉంది. ఇవి మూడు వేర్వేరు తెగలా సార్?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఒక్క తెగేనమ్మా, టెన్షన్ వద్దు. సీన్ నది ఒడ్డున ఉండే గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) జనం వాళ్ళు. లాటిన్‌లోనూ సంస్కృతంలోలాగే విభక్తులున్నాయి. మీ ఊరి సంస్కృత కళాశాల పిల్లలు రామాః, రామాన్, రామాణాం అని వల్లెవేస్తారు కదా, సరిగ్గా అదే వరుస: పారిసియులు, పారిసియులను, పారిసియుల. తెలుగులో రాసేటప్పుడు హాయిగా ‘పారిసియులు’ అని రాసుకోండి.

వాళ్ళ ఊరి అసలు పేరు లుతేతియా. క్రీ.పూ. 52లో సీజర్ సేనాని లబియేనుస్ దండెత్తి వస్తుంటే, ఊరు రోమన్లకి దక్కకూడదని గాల్ జనమే దాన్ని తగలబెట్టి వంతెనలు కూల్చేశారు. తర్వాత రోమన్ల కాలంలో ఊరు మళ్ళీ లేచింది గానీ, కొన్ని వందల ఏళ్ళకి లుతేతియా అన్న మాట వాడుకలోంచి జారిపోయి జనం పేరే ఊరిపేరుగా స్థిరపడింది. పారిస్ చివర ‘స్’ ఉంది చూశారా, అది ఆ పాత విభక్తి ప్రత్యయంలో మిగిలిన ముక్కే, ఫ్రెంచివాళ్ళు రాస్తారు, పలకరు. జనం పేరే ఊరికి రావడం ఫ్రాన్స్‌లోని రీమ్స్ విషయంలోనూ జరిగింది, దాని పాత పేరు దురోకొర్తోరుం, ఇప్పటి పేరు రెమీ అనే తెగది.

మనకిది కొత్తేం కాదు. మనం ఉంటున్నది కళింగ నేల. సంస్కృతంలో ‘కళింగాః’ అంటే కళింగ జనం, ఆ దేశం పేరూ అదే, అందుకే కళింగదేశంలో అనడానికి ‘కళింగేషు’ అని బహువచనంలోనే అంటారు. జనం పేరు దేశానికి వచ్చే ఈ పద్ధతికి పాణిని సూత్రమే రాశాడు. ఇది తెలిసిన పిల్లలకి లాటిన్ పేర్లు చూసి బెదరాల్సిన పనే లేదు, ఎవరైనా తరగతిలో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెబితే ఎంత బాగుంటుందో!

ప్రశ్న: గాల్‌లోని వెనెతీలు, వెనిస్ వైపు వెనెతీలు ఒకరేనా?
- ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: కాదు. పేరొకటే, జనం వేరు. గాల్ వెనెతీలు అట్లాంటిక్ తీరం వాళ్ళు, ఇప్పటి వాన్ పట్నం పేరు వాళ్ళదే. ఓక్ చెక్క ఓడలు, తోలు తెరచాపలు, లంగరుకి తాళ్ళకు బదులు ఇనప గొలుసులు. క్రీ.పూ. 56లో రోమన్లు పొడుగు కర్రలకి కొడవళ్ళు కట్టి ఆ తెరచాపల తాళ్ళు కోసేశారు, దానికి తోడు గాలి పడిపోవడంతో మిగిలిన ఓడలు కదల్లేక చిక్కిపోయాయి.