ఒడియా అక్షరాల్లో ఉన్న తెలుగు నోటు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

బరంపురం నుంచి నువ్వు పంపిన ఉత్తరమూ, దానితో పాటు పెట్టిన పదకొండు కథనాలూ అందాయి. ఒకసారి తీరికగా, మరొకసారి పెన్సిలు పట్టుకొని చదివాను. టిడ్లీవికీ అనే నోట్సు సాధనాన్ని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని మన తెలుగువాళ్లు ఎలా వాడుకుంటున్నారో వాళ్ల నోటనే విని రాసి, ఇంకా వాడనివాళ్లకు చూపించాలన్న నీ సంకల్పం మంచిది. ఇంటర్నెట్టు లేకపోయినా పనిచేస్తూ, ఒకే ఒక్క ఫైలులో రాతనూ రాసే సాధనాన్నీ కలిపి ఉంచుకొని, పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఎక్కడికైనా తీసుకుపోగలిగిన వస్తువు మన కొండ ఊళ్లకు ఎంత అక్కరకు వస్తుందో నాకు తెలుసు. అందుకే నీ రాతను మెచ్చుకొని ఊరుకోలేక ఇంత పొడవైన జవాబు రాస్తున్నాను.

“అందరితోనూ గంటల కొద్దీ మాట్లాడాను, అయినా కథనాలన్నీ ఒక్కలాగే వచ్చాయి, ఎందుకు?” అని అడిగావు. నిజమే, ఒక్కలాగే ఉన్నాయి. మొదటి పేరాలో కాగితాలు చిందరవందరగా ఉంటాయి, రెండో పేరాలో ఎవరో ఈ సాధనం గురించి చెబుతారు, మూడో పేరాలో అన్నీ చక్కబడతాయి. మనిషి పేరూ ఊరూ తీసేస్తే బడిపంతులు కథ ఏదో, మగ్గం లెక్కలు చూసే పెద్దాయన కథ ఏదో నేను పోల్చుకోలేకపోయాను. లోపం వాళ్ల మాటల్లో లేదు, నువ్వు అడిగిన ప్రశ్నలో ఉంది. “ఇది మీకు ఎలా ఉపయోగపడింది?” అని అందరినీ అడిగావు. దూరం నుంచి శ్రమపడి ఇంటికి వచ్చిన ఆడపిల్ల అలా అడిగితే మనవాళ్లలో ఎవరైనా ఏమంటారు? భోజనం ఎలా ఉందని అడిగిన ఇల్లాలికి ఏం చెబుతారో అదే చెబుతారు. బాగుందంటారు, ఇంకో రెండు మంచి మాటలు కలుపుతారు. అది మర్యాదే గాని అనుభవం కాదు.

ఈసారి వెళ్లినప్పుడు అభిప్రాయం అడగవద్దు, నోటు చూపించమని అడుగు. “అన్నిటికంటే చివర రాసుకున్నది ఏది? ఎప్పుడు రాశారు, అప్పుడు చేతిలో ఏం పని ఉంది?” అని మొదలుపెట్టు. ఆ తరువాత, “ఈ మధ్య దీనిలో దేనికోసం వెతికారు? దొరికిందా?” అని అడుగు. ఈ రెండో ప్రశ్న నాకు చాలా ముఖ్యమైనది, ఎందుకంటే నోటు రాసుకోవడం ఎవరైనా చేస్తారు. ఆరు నెలల తరువాత ఒక అవసరం వచ్చి, దాని కోసం తిరిగి వచ్చి, అది దొరికినప్పుడో దొరకనప్పుడో గాని ఆ సాధనం నిజంగా ఆ మనిషిదైందో లేదో తెలియదు. అలా వెతికిన సందర్భం ఒక్కటి దొరికితే చాలు, మిగిలిన కథ దాని చుట్టూ తనంతట తానే అల్లుకుంటుంది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన చోటికి వస్తాను. కాశీనగర్ అమ్మమ్మగారి కథనం. నీ పదకొండింటిలో ఇది ఆణిముత్యం కావలసింది, నువ్వే దానిని గులకరాయిని చేశావు. ఆమె పెరటి విత్తనాలు ఎవరికి ఎన్ని ఇచ్చిందో, ఏ పాదులోవి ఏ ఏడు బాగా కాశాయో మనవడి చేత రాయించుకుంటుందని రాశావు. “నోట్లన్నీ తెలుగులో చక్కగా అమర్చుకున్నారు” అని ఒక వాక్యంతో సరిపెట్టి, కింద నువ్వు తెలుగులో తిరగరాసిన ఒక నోటును నమూనాగా ఇచ్చావు. కానీ ఉత్తరం చివర, ఎక్కడో మాటవరసకు, “ఆ అబ్బాయి ఒడియా బడిలో చదువుకున్నాడు గనుక తెలుగు మాటలనే ఒడియా అక్షరాల్లో రాశాడు, నేను సరిచేశాను” అన్నావు. అమ్మా, అందులో సరిచేయవలసింది ఏముంది? ఆ ఒక్క విషయంలోనే మన ప్రాంతం అంతా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు కలిసిన నాటి నుంచి ఈ ఊళ్లలో పెరిగిన ఎన్ని ఇళ్లలో తెలుగు నోటికి మాత్రమే మిగిలి, అక్షరం వేరే దారి పట్టిందో నీకూ నాకూ తెలియదా? అమ్మమ్మకు తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదవడం వచ్చు, ఒడియా రాదు. మనవడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. కాబట్టి తాను చెప్పి రాయించుకున్న నోటును ఆమె తానుగా చదువుకోలేదు, వాడు చదివి వినిపిస్తేనే అది మళ్లీ ఆమెది అవుతుంది. ఇంత కథను నువ్వు ‘చక్కగా అమర్చుకున్నారు’ అన్న రెండు మాటల కింద దాచేశావు.

పైగా, నీకు కావలసిన ప్రదర్శన కూడా అక్కడే ఉంది. పాతపట్నం నుంచి వచ్చిన మేనత్త చిక్కుడు విత్తనాల సంగతి చూద్దామని తెలుగులో ‘చిక్కుడు’ అని కొట్టి వెతికితే ఏమీ రాలేదని, తరువాత అబ్బాయి ప్రతి నోటుకూ తెలుగు అక్షరాల్లో ఒక ట్యాగు, అంటే గుర్తుమాట, తగిలించాడని అదే ఉత్తరంలో రాశావు. కంప్యూటరుకు తెలుగు ‘చి’ వేరు, ఒడియా ‘చి’ వేరు. కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్ పట్టికలో ఈ రెండు లిపులకూ వేర్వేరు గళ్లు కేటాయించారు గనుక, చెవికి ఒకటే అయినా వెతుకులాటలో అవి కలవవు. టిడ్లీవికీ వెతికేటప్పుడు నోటు లోపలి రాతనే కాక, పేరునూ ట్యాగులనూ కూడా చూస్తుంది. అందువల్ల లోపల ఒడియా అక్షరాలు ఉన్నా, పైన తెలుగు ట్యాగు ఉంటే మేనత్తకు దొరుకుతుంది. ట్యాగు అంటే ఏమిటో నువ్వు ముందుమాటలో రెండు పేజీలు వివరించావు, చదివినా నాకు పట్టుబడలేదు. మేనత్తకు చిక్కుడు విత్తనాలు దొరికిన క్షణాన పట్టుబడింది. సాధనం గుణాలను నువ్వు వర్ణించనవసరం లేదు, ఒకరి అక్కరలో అవి వాటంతట అవే బయటపడతాయి. ఆ కథనాన్ని మొదటి స్థానంలో పెట్టు. నోటును ఉన్నది ఉన్నట్టు, ఒడియా అక్షరాల్లోనే అచ్చువేసి, కింద తెలుగులో ఇవ్వు.

మాటను విన్నట్టే రాయడం గురించి నేను ఇంత పట్టుబడుతున్నానంటే, అది ఈ ఊరి నీళ్లలో ఉన్న గుణం. గిడుగు రామమూర్తి గారు ఇక్కడి బడిలో పాఠాలు చెబుతూ, ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకోవాలని తోచినప్పుడు పుస్తకం కోసం వెతకలేదు, ఆ భాషకు పుస్తకమే లేదు. తెలుగు కూడా వచ్చిన సవర మనిషిని ఇంట్లో ఉంచుకొని, అతని నోట విని, విన్నది రాసుకొని, వాళ్ల కథలూ పాటలూ సేకరించి, ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నారు. సవర భాషా వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. అంత కాలం ఓపిక పట్టిన మనిషి, ఆ మాటలను తనకు అలవాటైన భాష వైపు వంచి ఉంటే ఈనాడు వాటికి విలువ ఉండేదా? నీ పని అంత పెద్దది కాకపోవచ్చు, కానీ చెవి మాత్రం అదే కావాలి. బరంపురం మగ్గాల పెద్దాయన “లెక్క తెగలేదు” అన్నాడని నీ ముసాయిదాలో కొట్టివేసి, పైన “ఖాతాలు సరిపోలేదు” అని రాశావు. మొదటి మాటే ఉండనీ.

చాలా ఏళ్ల కిందట, నీ వయసులోనే, ఒక సంస్థ వారు తమ వల్ల బాగుపడిన నేతపనివారి గాథలు రాసి పెట్టమంటే ఒప్పుకున్నాను. ఒకావిడ తన కొత్త మగ్గం గురించి చెబుతూ, మొదటి ఏడు అది తనను ఎంత ఏడిపించిందో కూడా చెప్పింది. సంస్థ వారు ఆ భాగం తీసేయమన్నారు, నేను తీసేశాను. అచ్చయిన తరువాత పుస్తకం పట్టుకువెళ్లి ఆమెకు చదివి వినిపించాను. అంతా విని, “ఈవిడెవరో చాలా అదృష్టవంతురాలు బాబూ” అంది. అది తన కథ అని ఆమె పోల్చుకోలేదు. ఆ మాట ఈనాటికీ నా చెవిలో ఉంది. అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను: సాధనం వల్ల కలిగిన ఇబ్బందులను దాచవద్దు.

గుణుపురం మందుల దుకాణం అబ్బాయి సంగతి చూడు. మూడు రోజులు రాసుకున్నది పోయిందని అతను చెప్పగానే నువ్వు దానిని వదిలి, తరువాతి మంచి భాగానికి దూకావు. అది ఎలా పోయిందో చెప్పడమే కొత్తవాళ్లకు నువ్వు చేయగల పెద్ద ఉపకారం. బ్రౌజరులో తెరిచిన ఫైలు మీద బ్రౌజరు తనంతట తాను రాయదు. వేరే ఏర్పాటు ఏదీ చేసుకోకపోతే, భద్రపరచమన్న ప్రతిసారీ డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఒక కొత్త ప్రతి దిగుతుంది. అతను సోమవారం నాటి పాత ఫైలునే రోజూ తెరిచి, రోజూ దానిలోనే కొత్తగా రాసి, దిగిన ప్రతులను మాత్రం చూసుకోలేదు. నువ్వు చెప్పిన వివరాలను బట్టి నాకు అర్థమైనది ఇది. నిజానికి అతని మూడు రోజులూ ఎక్కడికీ పోలేదు, ఒకే పేరు పక్కన అంకెలు వేసుకొని మూడు ముక్కలుగా ఆ ఫోల్డరులో పడి ఉన్నాయి. ఇప్పుడు అతను ఏం చేస్తున్నాడో, భద్రపరిచే ఏర్పాటు మార్చుకున్నాడో లేక రోజూ సాయంత్రం కొట్టు కట్టే ముందు కొత్త ప్రతిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటున్నాడో అడిగి రాయి. ఇలాంటి కష్టం ముందుగా చదివినవాడు తనకు అదే కష్టం ఎదురైనప్పుడు సాధనాన్ని పారేయడు.

వాడి మానేసినవాళ్లనూ కలువు. రాయగడలో ఒకాయన మళ్లీ కాగితం పుస్తకానికి వెళ్లిపోయాడని రాశావు, “కనుక అతనిని వదిలేశాను” అన్నావు. వదలవద్దు. ఫోనులో తెలుగు కొట్టడం కష్టమైందా, వేలికి కలం అలవాటా, మరేదైనానా? ఆయన కారణం నీ పుస్తకానికి నమ్మకం తెస్తుంది.

సాధనం చరిత్ర గురించి నీ ముందుమాట చాలా పొడవుంది. జెరెమీ రస్టన్ దీనిని 2004లో తయారుచేశాడనీ, దీనిలో ఒక్కొక్క నోటును టిడ్లర్ అంటారనీ, ఎవరైనా ఉచితంగా వాడుకొని మార్చుకోవచ్చుననీ చెబితే సరిపోతుంది. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ దాదాపు 90,000 చీటీలు రాసి పెట్టెల్లో దాచుకున్న సంగతి గొప్పదే, కానీ దానితో మొదలుపెట్టవద్దు. పదిహేను చీటీలు రాసుకోవడానికి జంకుతున్న మనిషి ఆ అంకె చూసి పుస్తకం మూసేస్తాడు. అమ్మమ్మగారి నోట్లు నలభైకి మించవని రాశావు. ఆ నలభైతోనే మొదలుపెట్టు.

చివరగా, నేను అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కోరుతున్న విషయం. సొంత నోట్సు అంటే మనిషి తనతో తాను మాట్లాడుకున్న మాట. దానిలో అప్పులుంటాయి, రోగాలుంటాయి, అల్లుడి మీద కోపం ఉంటుంది. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లలో ఒకదానిలో, నువ్వు చూపదలచిన నోటు పక్కనే ఉన్న జాబితాలో మరో నోటు పేరు కనబడుతోంది: ఫలానా ఆమెకు ఇవ్వవలసిన మొత్తం అని. ఆ నోట్లు రాసుకున్నాయన చూసుకోలేదు, నువ్వూ చూసుకోలేదు, నేను చూశాను. ఆ బొమ్మను ఈరోజే తీసేయి. ఇకమీదట తెర మొత్తాన్ని ఎన్నడూ బొమ్మ తీయవద్దు; చూపదలచిన ఆ ఒక్క నోటును విడిగా తెరిచి, అది కూడా వాళ్లు సరేనన్న తరువాతే తీయి. అనుమతి కూడా ఒక్కసారి అడిగి వదిలేసేది కాదు. మాట్లాడేముందు అడుగు, రాసిన తరువాత చదివి వినిపించి మళ్లీ అడుగు, అచ్చుకు ఇచ్చే ముందు మూడోసారి అడుగు. మాటల మధ్యలో నోరుజారి చెప్పినది చదివి విన్నాక తీసేయమంటే మారుమాట లేకుండా తీసేయి. దానివల్ల కథ బలహీనపడితే పడనీ. పేరు వద్దంటే ఊరు, ఊరు వద్దంటే వృత్తి మాత్రం రాయి. చిన్న ఊళ్లలో వృత్తి చెప్పినా మనిషి తెలిసిపోతాడు, అది కూడా వాళ్లకు ముందే చెప్పు.

ఇంటికి తిరిగివచ్చిన రాత్రే రాసెయ్యి. ఫోనులో మాట రికార్డయి ఉంది కదా అని వారం ఆగితే మాట మిగులుతుంది గాని, ఆ మాట అన్నప్పుడు అమ్మమ్మ చేతిలో ఏ విత్తనం ఉందో మరచిపోతావు.

పెన్సిలుతో గుర్తులు పెట్టిన కాగితాలు వేరుగా పంపుతున్నాను. పదకొండూ తిరగరాయవద్దు, కాశీనగర్, గుణుపురం, రాయగడ, ఈ మూడింటినీ మళ్లీ వెళ్లి చూసి రాయి, మిగతావి తరువాత చూద్దాం. కాశీనగర్ వెళ్లినప్పుడు అబ్బాయిని ఆ చిక్కుడు నోటు పైకి చదవమను, అమ్మమ్మను వినమను, నువ్వు పక్కన కూర్చో. దారిలో ఇక్కడ దిగి, మీ అత్త చేతి భోజనం చేసి వెళ్లు.

మావయ్య