నాలుగు భాషల నగరం: ఒక యువ రచయిత్రికి లేఖ

నల్లకుంట, హైదరాబాదు.

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నిజాం కాలపు తెలంగాణ పోరాటం మీద నువ్వు రాసిన నవల రాతప్రతి మొదటి నుంచి చివరి దాకా చదివాను. సూర్యాపేట వైపు పల్లెల్ని రాసిన అధ్యాయాలలో వెట్టిచాకిరీ, దొర గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషుల భయం, రాత్రిపూట దళాలకు అన్నం మోసుకెళ్ళే ఆడవాళ్ళ తెగువ చక్కగా కుదిరాయి. వాటి జోలికి నేను పోను. నా అభ్యంతరమంతా కథ నగరంలోకి వచ్చిన చోటనే ఉంది. నీ హైదరాబాదు ఫర్మానాలు పుట్టే చోటుగా, నిజాం కొమ్ముకాసిన రజాకార్లు కవాతు చేసే వీధిగా మాత్రమే మిగిలిపోయింది. ఆ వెలితి నీకూ తోచినట్టుంది, అందుకే రెండు చోట్ల "ఇంతటి హింసలోనూ కళలూ సాహిత్యమూ వికసించాయి" అని ఒక వాక్యం రాసి ముందుకు సాగిపోయావు. ఆ వాక్యం కొట్టెయ్యి. ఎవరు, ఏ భాషలో, ఎవరి అండతో, ఏ ప్రమాదానికి ఎదురు నిలిచి రాశారో చూపించగలిగితే ఆ వాక్యంతో పని ఉండదు.

బోస్నియా రాజధాని సారాయెవో గురించి అడిగావు. అంతర్యుద్ధంలో చిక్కుకున్న నగరంలో సాహిత్యం ఎలా బతికిందో తెలుసుకోవడానికి అది తప్పక చదవవలసిన చరిత్రే. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి వరకు ఆ ఊరిని చుట్టూ ఉన్న కొండల మీది నుంచి ఫిరంగులతో ముట్టడించారు. 1992 ఆగస్టు చివరలో జాతీయ గ్రంథాలయాన్ని తగలబెట్టగా లక్షలాది పుస్తకాలు బూడిదయ్యాయి. అదే ఊళ్ళో ఓస్లొబొజేన్యె అనే దినపత్రిక, తన భవనం కూలిపోయినా, నేలమాళిగలోంచి వెలువడుతూనే వచ్చింది. అందులో బోస్నియా ముస్లిములు, సెర్బులు, క్రొయేట్లు కలిసి పనిచేశారు. 1993 వేసవిలో అమెరికా రచయిత్రి సూసన్ సాంటాగ్ అక్కడి నటీనటులతో బెకెట్ నాటకం ఆడించినప్పుడు కరెంటు లేక కొవ్వొత్తులు వెలిగించవలసి వచ్చింది, ఆ నటులు కూడా ఒకే జాతివారు కారు. బయటివాళ్ళకు ఆ కొవ్వొత్తులే ఎక్కువగా గుర్తుండిపోయాయి. నువ్వు మాత్రం ఆ పత్రికను పట్టుకో. ఈ జాతులు ఒకచోట బతకలేవన్నదే ముట్టడి వేసినవాళ్ళ వాదన, ఆ మూడు జాతుల మనుషులూ కలిసి అచ్చు వేసిన ప్రతి సంచికా దానికి జవాబు.

మన ఊరికి వద్దాం. నిజాం రాజ్యంలోని పదహారు జిల్లాల్లో 8 తెలుగువి, 5 మరాఠీవి, 3 కన్నడవి. పాలన మాత్రం ఉర్దూలో సాగేది, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువూ ఉర్దూలోనే. 1921 నవంబరులో ఇదే నగరంలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే హేళన చేసి ఆపించారు. ఆ అవమానం చిన్నది కాదు, దాన్ని నువ్వు ఏమాత్రం పలచన చేయవద్దు. హిందూ ముస్లిముల కలగలుపు బతుకును పొగిడే గంగా జమునా సంస్కృతి అంటూ నాలుగు తీపి మాటలు చల్లి దాన్ని కప్పిపుచ్చవద్దు కూడా. కానీ నీ నవల ఆ అవమానం దగ్గర మొదలై, ఉర్దూ మాట్లాడిన ప్రతివాడూ నిజాం మనిషే అనే చోటికి చేరుకుంది. నేను గట్టిగా కాదంటున్నది దాన్నే.

మందుముల నరసింగరావు నిజాం పాలనను విమర్శించడానికి నడిపిన 'రయ్యత్' ఉర్దూ పత్రిక. అందులో పనిచేసిన షోయబుల్లా ఖాన్ తరువాత 'ఇమ్రోజ్' పెట్టి, రజాకార్ల ఆగడాలను ఖండిస్తూ ఉర్దూలోనే రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆయన్ను ఇంటికి వెళ్ళే దారిలో అడ్డగించి, చేయి నరికి చంపారు. అప్పటికి ఆయనకు ముప్పయ్యేళ్ళు కూడా నిండలేదు. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి, 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకడు. పాలకుల భాషలోనే పాలకులను ఎదిరించిన ఈ మనుషులకు నీ నవలలో ఒక్క గది కూడా దొరకలేదు.

దాశరథి సంగతి నీకు తెలిసిందే. నిజామాబాదు జైలులో కాగితం, కలం లేక, పళ్ళు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యం రాశాడు. ఆ సంఘటనను వీరగాథగా చెప్పుకోవడం అందరూ చేసేదే, నిన్ను మరికాస్త దగ్గరగా చూడమంటున్నాను. ఆ జైలులో ఆయనతో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి అంతకు ముందు దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలుగు పుస్తకాలు ప్రచురించి, తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాడు. దాశరథి 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చాడు. నిజాంను పిశాచమని తిట్టిన ఆ కవే తరువాత గాలిబ్ కవితలను తెలుగులోకి తెచ్చాడు. రాజు మీది కోపాన్ని దాశరథి ఉర్దూ మీదికి మళ్ళించలేదు. నీ కథానాయకుడికి ఈ విచక్షణ లేదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం నిజాం రాజ్యాన్ని స్వాధీనం చేసుకున్న పోలీసు చర్యతో నవల ముగించి, జెండా ఎగరేసి ఆగిపోయావు. ఆ తరువాత అమాయక ముస్లిం కుటుంబాలు పడ్డ బాధ రాయకపోతే కథ సగమే చెప్పినట్టవుతుంది. తెలుగువాడై ఉండి నెల్లూరి కేశవస్వామి 'యుగాంతం' కథలో ఆ కాలాన్ని ఎలా చూశాడో చదువు, మనసు కలచివేస్తుంది.

ఇక చేయవలసిన పని. నీ మూడో అధ్యాయంలో ఉర్దూ పత్రిక కచేరీలో ఒక గుమాస్తా పేరు లేకుండా వచ్చి పోతాడు. అతన్ని కాతిబును, అంటే పత్రికను చేత్తో రాసే లేఖకుణ్ణి చెయ్యి. తెలుగు పత్రికల్లో కంపోజిటర్ సీసపు అక్షరాలు పేర్చేవాడు. ఉర్దూ పత్రికల్లో కాతిబు పూత పూసిన కాగితం మీద రెల్లు కలంతో పేజీ మొత్తం చేత్తో రాస్తే, దాన్ని రాతి మీదికి ఎక్కించి అచ్చు తీసేవారు. రజాకార్లను దుయ్యబట్టిన సంపాదకీయం ముందు ఒక కాతిబు చేతి గుండానే పోవాలి. సంపాదకుడి పేరైతే అచ్చులో ఉంటుంది, రాసిన చేయి ఎవరిదో వీధిలో వాళ్ళకూ తెలుసు. ఆ మనిషి ఆ రాత్రి ఇంటికి ఏ దారిన వెళ్ళాడు, భార్యతో ఏం చెప్పాడు, మర్నాడు పనికి వచ్చాడా లేదా అన్నది రాయి.

సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్ళి పాత తెలుగు పత్రికలు తిరగెయ్యి. ఉర్దూ లిపి నేర్చుకోవడం ఈ నెలలోనే మొదలుపెట్టు, అనువాదాల మీద ఆధారపడి ఈ నవల రాయలేవు. మూడో అధ్యాయం తిరిగి రాశాక ముందు అదొక్కటే పంపించు.

నీ శ్రేయోభిలాషి